కేకపెట్టెకు తెలియని తెలుగు

తేలుపేట, తెప్పల కొట్టు. రాస్తున్నది గనగళ్ళ దేవుడమ్మ. తారీకులు వేయమని వలీ పోరుతున్నాడు గానీ, పోటూ పాటూ తిథిని బట్టి వస్తాయి, తారీకును బట్టి రావు. కాబట్టి తిథులే వేస్తాను. ఇష్టం లేనివాళ్ళు చదవక్కర్లేదు.

కార్తీక శుద్ధ విదియ

పొద్దున్నే అరడజను తెప్పలు విప్పాను. విప్పడం ఏమంత పని కాదు. పీపా లాంటి డబ్బా ముద్ర తీసి తాడు ఒక్క లాగు లాగితే, లోపలి గ్యాసు బుస్సుమని పొంగి, మడతల్లో ఉన్న రబ్బరు తెప్ప పైకప్పుతో సహా చిన్న గదై కూర్చుంటుంది. దాన్ని మళ్ళీ మడిచి డబ్బాలో పెట్టడమే అసలు పని. అతుకులన్నీ తడిమి చూడాలి. గ్యాసు బుడ్డి తూచాలి. నీళ్ళ పొట్లాలు, బిస్కెట్లు, చిల్లులు పడితే కొట్టే బిరడాలు సరిగ్గా ఉన్నాయో లేదో చూడాలి. పైకప్పు మీద ఉప్పునీళ్ళు తగిలితే దానంతటదే వెలిగే దీపం ఒకటుంటుంది, దాన్నీ వెలిగించి చూడాలి. అన్నీ అయ్యాక డబ్బా మీద నా ముద్ర వేస్తాను. ఆ ముద్ర ఉన్న తెప్ప తెరుచుకోకపోవడం అనేది ఇంతవరకూ జరగలేదు. గొప్పలకు చెప్పుకోవడం లేదు, చెప్పుకున్నా తప్పులేదు.

నేను తెప్ప విప్పానని తెలిస్తే చాలు, ఊళ్ళో సగం మంది అందులో కునుకు తీయడానికి వచ్చేస్తారు. ఇవాళ ఒకాయన తలగడ కూడా తెచ్చుకున్నాడు. లేపితే కోపం.

మా ఊరి పేరు వినగానే నేలమీది వాళ్ళు అక్కడ తేళ్ళుంటాయా అని అడుగుతారు. తేళ్ళు లేవు, ఊరే తేలుతుంది. ముత్తాతల నాడు భీమిలి పక్క పల్లెలు ఒక్కొక్కటే సముద్రంలోకి జారిపోతుంటే, అందరిలా వెనక్కి వెళ్ళకుండా మావాళ్ళు ముందుకే వచ్చి, గొలుసులతో కట్టిన బల్లల మీద ఇళ్ళు వేసుకున్నారు. మేకలు, కోళ్ళు, బడి, అమ్మవారి గుడి, అన్నీ బల్లల మీదే. ఇంటికో పడవ, పడవకో తెప్ప, తెప్పకో కేకపెట్టె.

కేకపెట్టెను కాగితాల మీద బీకన్ అని రాస్తారు. పడవకు ఏమన్నా అయితే అది పైకి తేలి, ఇదిగో ఇక్కడున్నామని ఆకాశానికి కేకేస్తుంది. ఆ కేకలన్నీ వినేది పెద్దచెవి. అది మనిషి కాదు, యంత్రం. ఈ సముద్రం మొత్తానికి అదొక్కటే. కాపాడ్డానికి వెళ్ళే ఎగురుపడవలు కొన్నే ఉన్నాయి. తుపాను వచ్చిందంటే కేకలకు లెక్క ఉండదు. ఎవరి దగ్గరికి ముందు పంపాలో, ఎవరి దగ్గరికి తర్వాత పంపాలో పెద్దచెవే తేలుస్తుంది.

ఇవాళ కొత్త రకం కేకపెట్టెలు దిగాయి. ఇవి ఊరికే కేకేసి ఊరుకునే రకం కాదట. తెప్పలో ఉన్న మనిషిని పలకరిస్తాయట. నీళ్ళున్నాయా, తిండి ఉందా, దెబ్బలేమైనా తగిలాయా అని తెలుగులోనే అడిగి, జవాబు విని పెద్దచెవికి చేరవేస్తాయట. గొంతు పంపడం బరువు కాబట్టి, మాటల అర్థం మాత్రమే పంపుతాయట. ఇదంతా నాకు చెప్పింది కేకపెట్టెల కబుర్లు వచ్చే వినికిడి గదిలో కూర్చునే మస్తాన్ వలీ. కర్నూలు వైపు మనిషి. అల కొంచెం ఊగితే వలీకి కళ్ళు తిరుగుతాయి, ఉద్యోగం మాత్రం నట్టనడి సముద్రంలో పడింది. మంచివాడు. నన్ను అక్కా అంటాడు.

కొత్త పెట్టెను ఎవరిమీదైనా పరీక్షించాలన్నాడు. మా అత్త కాసులమ్మ అటుగా రావడం, వలీ ఆవిణ్ణి కూర్చోబెట్టడం, రెండూ అయిపోయాయి. నేను ఆపేలోపలే పెట్టె చక్కని బడిపంతులమ్మ గొంతుతో అడిగేసింది.

"మీ పడవ మునిగిపోయిందా?"

అత్త గుండె మీద చెయ్యి వేసుకుంది. "కొత్త సరుకని బొట్టెట్టి ఇంట్లోకి తెచ్చుకుంటే, దీని నోట మొదటి మాటే అదేటి? దీన్ని కన్నోళ్ళు దీనికి నేర్పిన మాటలు ఇవేనా?"

సముద్రం మీద బతికే మనిషి నోట చెడ్డమాట రాకూడదని మా అత్త పట్టుదల. మునిగింది అనదు, విరిగింది అనదు, లేదు అనదు. పడవెక్కుతూ ఎవరైనా వెళ్తానంటే వీపు మీద ఒక్కటిచ్చి వెళ్ళొస్తాననిపిస్తుంది. మా మామ ఎల్లాజీకి ఈ గొడవే లేదు, ఆయన ఏ మాటా మాట్లాడడు. ఆయన వాటా కూడా ఆవిడే మాట్లాడుతుంది.

"అట్ల గాదమ్మా," అన్నాడు వలీ, "అది అడిగినదానికి సరిగ్గా జవాబు చెప్పల్ల. లేకుంటే దానికి అర్థం గాదు."

"నాకొచ్చినట్టు నేను సెప్తాను. దానికి తెలుగొస్తే అదే తెలుసుకుంటాది."

తదియ

అత్తా మామా కొత్త కేకపెట్టెతోనే దక్షిణం వైపు పీతల బోనులు ఎత్తడానికి పడవ కట్టారు. రెండు రోజుల పని. వాయుగుండం ఉంది గానీ అది ఒడిశా వైపు పోతోందని కబురు. వెళ్ళేముందు అత్తకూ నాకూ మామూలుగా జరిగే గొడవ జరిగింది. నేను తెప్పల్లో పెట్టే బిస్కెట్లు సుద్దముక్కల్లా ఉంటాయని ఆవిడ, అవి రుచి కోసం కాదు ప్రాణం కోసమని నేను. నా పెనిమిటి దానయ్య మధ్యలో నిలబడి ఇద్దరికీ తలూపాడు. ఆయన పద్ధతి అది. అలా ఊపబట్టే ఇంట్లో గోడలు నిలబడి ఉన్నాయి.

మధ్యాహ్నం ఇల్లు ఊడుస్తుంటే అత్త మంచం కింద చీపురుకు ఏదో తగిలింది. లాగి చూస్తే సగానికి పైగా నీళ్ళ పొట్లాలు. బిస్కెట్లు. నేను వాళ్ళ తెప్పలో సర్దినవే. ఎండు నెత్తళ్ళ చేపల మూట, పచ్చడి జాడీ వంటింట్లో కనిపించడం లేదు. అంటే నా ముద్ర ఊడదీసి, నా సరుకు బయట పారేసి, తన సరుకు లోపల పెట్టుకుని, ముద్ర మళ్ళీ అంటించి మరీ వెళ్ళిందన్నమాట. నాకు ఒళ్ళు మండిపోయింది. రానీ, ఈసారి మాత్రం ఊరుకోను.

చవితి

వాయుగుండం మాట తప్పింది. ఒడిశా వెళ్ళాల్సింది మామీదికే తిరిగింది.

గాలి ముదిరేలోపు ఊరి గొలుసులు వదులు చేసి, బల్లలన్నీ దగ్గరికి లాగి కట్టాం. జనమంతా బళ్ళో, మేకలన్నీ వినికిడి గదిలో. ఎందుకంటే ఊళ్ళో గట్టి గోడలున్నవి ఆ రెండే. వలీ ఒక చేత్తో బల్ల పట్టుకుని, ఒక చేత్తో బకెట్టు పట్టుకుని, చెవులకు పెట్టుకునేవి మాత్రం తీయకుండా కూర్చున్నాడు. మేకలు అతన్ని జాలిగా చూశాయి.

బళ్ళో పిల్లలు ఊరు ఊగినప్పుడల్లా ఒకేసారి కేకలు పెట్టి నవ్వారు. నేనూ నవ్వబోయాను, నవ్వు రాలేదు. నా కళ్ళకు మంచం కింద నీళ్ళ పొట్లాలే కనిపిస్తున్నాయి.

పంచమి

గాలి తగ్గింది. రెండు బల్లలు పగిలాయి, కోళ్ళగూడు ఒకటి ఎటో కొట్టుకుపోయి దానంతటదే తిరిగొచ్చింది. మనుషులంతా క్షేమం. అత్త పడవ మాత్రం రాలేదు.

సాయంత్రానికి వలీ గావుకేక పెట్టాడు. "అక్కా, మీవాళ్ళ పెట్టె పలికింది."

పరిగెత్తాను. తెరమీద కార్డు వచ్చి ఉంది. పెద్దచెవి రాత అంతా పొడిపొడిగా ఉంటుంది.

మనుషులు: ఇద్దరు. గాయాలు: లేవు. సొంత ఆస్తి: పెరిగింది. తాగునీరు: తగ్గుతోంది. ప్రాధాన్యం: సాధారణం.

నేను అక్కడే కూలబడి ఏడ్చాను. భయంతో కాదు, సంతోషంతో. నా తెప్ప తెరుచుకుంది. అత్త ముద్ర పీకి మళ్ళీ అంటించినా సరే తెరుచుకుంది. దానయ్య వచ్చి కార్డు రెండుసార్లు చదివి, ఆస్తి పెరగడం ఏమిటని అడిగాడు. ఎవరికీ తెలియలేదు. "మా అమ్మ నడిసముద్రంలో కూడా ఏదో సంపాదించేసి ఉంటుంది," అన్నాడు గర్వంగా.

సముద్రం నిండా తెప్పలే ఉన్నాయట. బతికినవాళ్ళను ఏరుకునే పని తీరం పొడవునా జరుగుతోంది. మా పడవలు ఆ అలల్లో అంతదూరం పోలేవని, మావాళ్ళ వంతు రావడానికి కొంచెం టైము పడుతుందని, అయినా కంగారు పడాల్సిందేం లేదని వలీ చెప్పాడు.

షష్ఠి

ఇవాళ్టి కార్డు.

తాగునీరు: నిండుగా. ఆహారం: నిండుగా. ప్రాధాన్యం: తక్కువ.

ఊరంతా ఊపిరి పీల్చుకుంది. నాకు మాత్రం ఎక్కడో ముల్లులా గుచ్చుకుంటోంది. నిన్న తగ్గుతున్న నీళ్ళు ఇవాళ నిండుగా ఎలా అయ్యాయి? వాన పడి ఉంటుంది, తెప్ప పైకప్పు మీంచి నీళ్ళు పట్టుకునే గొట్టం ఉంటుంది కదా అని నాకు నేనే చెప్పుకున్నాను. సరే, నీళ్ళు ఆకాశం నుంచి వచ్చాయి. ఆహారం ఎక్కణ్ణుంచి వచ్చింది? మా మామ మాట్లాడడు గానీ తినడంలో మొహమాటపడే మనిషి కాదు. ఆయన చేతికందిన నెత్తళ్ళ మూట రెండో రోజుకు నిండుగా ఉండడమంటే నమ్మేలా లేదు.

వలీతో అన్నాను. "చేపలు పట్టుకోని ఉంటారక్కా," అన్నాడు. "వాళ్ళకి చేపలు పట్టేది మనం నేర్పల్లనా?"

అదీ నిజమే. ప్రాధాన్యం తగ్గేసరికి వాళ్ళ వంతు ఇంకా వెనక్కి జరిగింది. నీళ్ళు లేనివాళ్ళను ముందు తీసుకురావడం న్యాయమే కదా అని ఊళ్ళో అందరూ అన్నారు. నేనూ అన్నాను.

సప్తమి

మధ్యాహ్నం కార్డు వచ్చింది.

దీపం: కొండ మీద. స్థితి: ఒడ్డు చేరారు. కేసు ముగిసింది.

గుడి దగ్గర డప్పులు మోగాయి. ఎవరో పానకం కలిపారు. భీమిలి దగ్గర పావురాలకొండ తల ఇంకా నీళ్ళపైన ఉంది కాబట్టి, తెప్ప కొట్టుకుపోయి అక్కడ ఆగి ఉంటుందని అందరూ తేల్చేశారు. పెట్టె చివరిసారి చెప్పిన జాడ కొండకు చాలా దూరంలో ఉంది గానీ, అది పాత జాడ అయ్యుంటుందన్నారు. కేసు ముగిస్తే పెట్టె బ్యాటరీ మిగుల్చుకోవడానికి నిద్రపోతుంది, కొత్త జాడ చెప్పదు. ఇంక మాటలెందుకు, రేపు తెల్లారగానే వెళ్ళి కొండ మీంచి తీసుకొస్తానన్నాడు దానయ్య. ఈలోపు అమ్మకిష్టమైనవి వండిపెట్టమన్నాడు.

పీతల పులుసు పొయ్యి మీద పెట్టాను. అన్నం వండుదామని డబ్బా మూత తీసి, వాకిట్లో ఉన్న దానయ్యను కేకేశాను.

"బియ్యం నిండుకున్నాయి. కొట్లోంచి తెచ్చిపెట్టు."

ఆయన సంచి తీసుకుని బయల్దేరాడు. నేను ఖాళీ డబ్బాలోకి చూస్తూ నిలబడ్డాను. చేతిలో మూత జారి కిందపడింది.

"ఆగు. నేనిప్పుడు ఏటన్నాను?"

"బియ్యం నిండుకున్నాయన్నావు."

"అంటే?"

"అంటే ఏటే, అయిపోయాయని." ఆయన నన్ను వింతగా చూశాడు. తర్వాత ఆయన మొహం కూడా మారింది.

పులుసు పొయ్యి మీదే వదిలేసి ఇద్దరం పరిగెత్తాం. వలీ చపాతీ తింటున్నాడు.

"వలీ, మీ ఇంట్లో ఉప్పు అయిపోతే మీయమ్మ ఏమంటాది?"

"అయిపోయిందని ఎందుకంటాదిలే అక్కా. సిరి పోతాదంట. నిండుకుండాది అంటాది." నవ్వుతూ తెరమీది కార్డు చూశాడు. నవ్వు ఆగిపోయింది. చపాతీ కింద పెట్టాడు. "నీళ్ళు నిండుగా. తిండి నిండుగా. అయ్యో అక్కా."

"మరి ఆస్తి పెరగడం?" అన్నాడు దానయ్య.

"గాజులు," అన్నాను. గాజు విరిగితే విరిగిందనరు కదా, పెరిగిందంటారు. దెబ్బలు తగిలాయా అని పెట్టె అడిగి ఉంటుంది. గాజులు పెరిగినాయి, అంతే అని ఆవిడ చెప్పి ఉంటుంది. పెట్టె దాన్ని లాభం కింద రాసుకుంది.

చివరి కార్డు సంగతి ఎవరూ విప్పి చెప్పక్కర్లేకపోయింది. దీపం ఆరిపోతే ఏ ఇంట్లోనూ ఆరిపోయిందనరు. కొండెక్కింది అంటారు. తెప్ప మీది దీపం కొండెక్కిందని మా అత్త చెప్పుకుంటే, ఆ పంతులమ్మ వాళ్ళిద్దర్నీ కొండ మీద కూర్చోబెట్టి కేసు మూసేసింది. మంచినీళ్ళు లేవు, తిండి లేదు, దీపం కూడా లేదు. ఇక్కడ మేం పానకం తాగుతున్నాం.

వలీ వెంటనే రక్షణ కేంద్రంలో మనుషులు ఎత్తే ఫోనుకు కలిపాడు. అవతలి అమ్మాయి పాపం గొంతు బొంగురుపోయి ఉంది, ఎన్ని రోజుల నుంచి నిద్ర లేదో. అంతా ఓపిగ్గా విన్నది. మూసిన కేసు తెరవాలంటే తెప్పలో ఉన్నవాళ్ళే చెప్పాలండీ, బయటివాళ్ళ మాట మీద తెరిస్తే అందరూ తమవాళ్ళనే ముందు తెమ్మంటారండీ అంది. ఆ అమ్మాయి మీద నాకు కోపం రాలేదు. ఆ జాగాలో నేనున్నా అదే అందును.

"ఒక దోవ ఉండాది," అన్నాడు వలీ. నిద్రపోతున్న పెట్టెనైనా లేపి, దాని సొంత ఊరు రోజుకొక్క ప్రశ్న అడగొచ్చట. జవాబు మాత్రం గొంతుతోనే వస్తుందట, పెద్దచెవి కూడా అది వింటుందట. మా ఊరు దీన్ని ఇంతవరకూ వాడింది ఒక్కసారే, పెట్టెలు దిగిన మర్నాడు ఎవరో మేకల దొడ్డి తాళంచెవి పట్టుకుని సముద్రం మీదికి వెళ్ళిపోతే ఎక్కడ పెట్టావని అడగడానికి.

ఒక్కటే ప్రశ్న. అది తప్పయితే రేపటిదాకా ఆగాలి. నీళ్ళు లేకుండా రేపటిదాకా.

"నీళ్ళు లేవా అని అడుగుదాం," అన్నాడు దానయ్య.

"లేవు అనే మాట ఆవిడ నోటికి రాదు. చల్లగా ఉన్నాం, నువ్వా మాట అనకు అని పెట్టెను తిడతాది."

"చల్లగా అంటే అది చలి అని రాసుకుంటాది గదక్కా," అన్నాడు వలీ ఆశగా. "చలికి కూడా ప్రాధాన్యం ఇస్తారు."

"ప్రమాదంలో ఉన్నారా అని అడిగితే?"

"మాకేటి ప్రమాదం అంటాది."

ముగ్గురం తలలు పట్టుకు కూర్చున్నాం. ఒక మేక వచ్చి వలీ చపాతీ తినేసింది. ఆవిడ చేత లేదు అనిపించాలంటే ఎలాగ అని ఎంతసేపు ఆలోచించినా దారి దొరకలేదు. పాతికేళ్ళుగా ఆవిడతో పోట్లాడుతున్నాను, ఒక్కసారీ ఆవిడ చేత ఆవిడ అనుకోని మాట అనిపించలేకపోయాను. అప్పుడు తట్టింది. అనిపించడం ఎందుకు? ఆవిడకు వచ్చే మాటలతోనే జవాబు వచ్చే ప్రశ్న అడిగితే సరిపోతుంది కదా. ఉన్నాయా అనీ లేవా అనీ కాదు. ఇంట్లో నేను రోజూ అడిగేది.

"ఏటి కావాల అత్తా. అది రాయి వలీ."

వలీ రాశాడు. అక్షరం అక్షరం మళ్ళీ చూసుకుని పంపాడు. కూర్చున్నాం. దానయ్య నా చెయ్యి పట్టుకుని కూర్చున్నాడు. నాకు ఆ గదిలో మేకల వాసన తప్ప ఇంకేం తెలియలేదు. ఒకవేళ వాళ్ళకు మాట్లాడే ఓపిక కూడా లేకపోతే అన్న ఆలోచన వచ్చింది. దాన్ని బయటికి అనలేదు. మా అత్త కోడలినే నేను.

గరగరమని చప్పుడు వచ్చింది. తర్వాత గొంతు. ఎండిపోయిన గొంతు, అయినా ఆవిడదే.

"ఎవతివే నువ్వు, నన్ను అత్తా అంటన్నావు? నిన్నగాక మొన్నొచ్చిన పెట్టెవి. ఏటి కావాలా? నాకు నా కోడలు కావాల. దాన్ని పిల్లు. ఈ ముసిలోడికి సుట్ట కావాల. తాగడానికి నీళ్ళు కావాల. బేగి తే."

అంతే, ఆగిపోయింది. నేను ఏడుస్తున్నానో నవ్వుతున్నానో నాకే తెలియలేదు. "కొడుకు కావాలని ఒక్క మాట అనలేదు," అన్నాడు దానయ్య. అంటూ ఆయనా కళ్ళు తుడుచుకున్నాడు.

తెరమీద కొత్త కార్డు పడింది.

కేసు తిరిగి తెరవబడింది. అవసరాలు: కోడలు, చుట్ట, తాగునీరు. తాగునీటి కారణంగా ప్రాధాన్యం: అత్యవసరం. కోడలు దొరకు చోటు: తేలుపేట. సరుకు సిద్ధం చేయగలరు.

అష్టమి

తెల్లవారుతూనే ఎగురుపడవ వచ్చి మా బల్ల పక్కన వాలింది. నడిపేవాళ్ళెవరూ ఉండరు, అదే వస్తుంది, అదే పోతుంది. తలుపు తెరిచి, సరుకు ఎక్కించండి అంది. వలీ నీళ్ళ డబ్బాలు ఎక్కించాడు, చుట్టల కట్ట ఎక్కించాడు, నన్ను ఎక్కించాడు.

"కోడలి బరువు ఎంత?" అని అడిగింది ఎగురుపడవ.

ఊరి జనమంతా అక్కడే నిలబడి ఉన్నారు. నేను వలీ చెవిలో చెప్పాను. వాడు పైకి చదివేశాడు. తిరిగొచ్చాక వాడి సంగతి చూస్తాను.

లేచిన పెట్టె ఇప్పుడు సరైన జాడ చెబుతోంది. పావురాలకొండకు అసలు సంబంధమే లేదు, దక్షిణంగా చాలా దూరం కొట్టుకుపోయారు. పైనుంచి నారింజ రంగు చుక్క కనిపించింది. దగ్గరికి వెళ్ళేకొద్దీ నా కళ్ళు ముందు తెప్పనే చూశాయి, అలవాటు. పైకప్పు బిగువుగా ఉంది. తెప్ప గాలికి కొట్టుకుపోకుండా నీళ్ళలో వేసే గుడ్డ సంచి వేసే ఉంది. అతుకు ఒక్కటీ ఊడలేదు. దీపం చచ్చిపోయి ఉంది. ఈ మాట అత్త వినకుండా ఇక్కడ రాస్తున్నాను. పైకప్పు తాడు మీద మామ పంచె ఆరేసి ఉంది.

ఎగురుపడవ నీళ్ళ మీద వాలి తెప్పకు ఆనుకుంది. నేను లోపలికి పాకాను. ఇద్దరూ ఒకరి భుజానికి ఒకరు ఆనుకుని కూర్చుని ఉన్నారు. పెదాలు పగిలి, కళ్ళు లోపలికి పోయి, అత్త సగమైపోయింది. చేతికి ఒక్క గాజు మిగిలింది. మామకు మొదట నీళ్ళు పట్టబోతే ఆయన వద్దని చేత్తో ఆవిణ్ణి చూపించాడు. ఆవిడకు పట్టబోతే ఆవిడ ఆయన్ని చూపించింది. చివరి పొట్లం దగ్గర కూడా ఇదే గొడవ పడి ఉంటారు. నేను ఇద్దరి నోట్లోనూ చెరో చేత్తో పోశాను. కొద్దికొద్దిగా, ఒకేసారి తాగితే కడుపు పట్టేస్తుందని.

నాలుగు గుక్కలు దిగాక అత్తకు గొంతు వచ్చింది.

"ఆ పెట్టె నాతో ఏటందో తెల్సా? నీళ్ళు నిండుకున్నాయే తల్లీ అంటే, సంతోషం అంది. దీపం కొండెక్కిందే అంటే, మీరు క్షేమంగా ఒడ్డు సేరినందుకు అభినందనలు అంది. అనీసి నిద్దరపోనాది. ముసిలోడు దాన్ని సముద్రంలోకి ఇసిరేద్దామని లేసినాడు. నేనే ఆపినాను, సిన్నపిల్లలాగుంది, ఏటీ తెలీదు దానికి అని."

నీళ్ళ పొట్లాల సంగతి అడగాలని ఐదు రోజులుగా మాటలు కూర్చుకుని పెట్టుకున్నాను. ఆవిడ మొహం చూశాక ఒక్కటీ బయటికి రాలేదు. చీర కొంగు తడిపి ఆవిడ మొహం తుడిచాను. నువ్వు లేకపోతే ఇంట్లో నాకు తోచలేదత్తా అన్నాను. నిజం అదే.

"తోచకేం. పని సెయ్యొచ్చు కదా," అంది.

వాళ్ళిద్దర్నీ ఎగురుపడవలోకి మార్చి, తెప్పను వెనక కట్టి, కేకపెట్టెను ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను. తలుపు మూసుకునే ముందు అది మళ్ళీ పలికింది. కేసు మూయాలంటే అడిగిన సరుకు ముట్టినట్టు వాళ్ళ నోట వినాలట.

"తాగునీరు అందిందా?"

"అందింది," అంది అత్త.

"చుట్ట అందిందా?"

మామ తలూపాడు. పెట్టెకు తల ఊపడం వినబడదు కదా, మళ్ళీ అడిగింది. ఆయన చుట్ట నోట్లోంచి తీసి, "అందింది," అన్నాడు. మా పెళ్ళయ్యాక నేను విన్న ఆయన మాటల్లో అది పదోదో పదకొండోదో అయ్యుంటుంది.

"కోడలు అందిందా?"

అత్త చెయ్యి తడుముకుంటూ వచ్చి నా మణికట్టు పట్టుకుంది. ఎండిపోయిన చెయ్యి, అయినా గట్టిపట్టు.

"అందింది."

"ఇంకేమైనా కావాలా?"

"ఏటీ అక్కర్లేదు. నువ్వు పడుకో తల్లీ."

పెట్టె దీన్ని ఏ అర్థంలో రాసుకుందో నాకు తెలియదు. ఊరు వచ్చేదాకా ఆవిడ నా చెయ్యి వదల్లేదు.